మా సార్ చూపించిన ఒకే ఒక్క సినిమా

మంగళవారం పొద్దున సార్ పోయారు. ఆ సమయానికి నేను ప్లాంట్‌లో, క్లీన్‌రూమ్ లోపల ఉన్నాను. అక్కడికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. సార్ భార్య, మా ఆంటీ, చేసిన ఫోను లాకర్‌లో మోగి మోగి ఆగిపోయింది. టీ విరామంలో బయటికొచ్చి తిరిగి చేస్తే ఆవిడ ఏడవలేదు. "పొద్దుగాల లేచి చాయ్ తాగిండు బిడ్డా. కిటికీ కాడ కుర్చీల కూసున్నడు. నేను బ్రెడ్డు కాల్చుకొని వచ్చేసరికి అట్లనే ఉన్నడు," అన్నారు. అంబులెన్స్ వెంటనే వచ్చిందనీ, వచ్చినవాళ్ళు ఎంతో మర్యాదగా ఉన్నారనీ, కానీ వాళ్ళు చేయడానికి ఏమీ మిగల్లేదనీ చెప్పారు. ఆయన గుండె కొంతకాలంగా బాగా లేదని మాకందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన సిద్ధంగా ఉన్నామని కాదు.

మీలో ఆయన్ని ఎరిగినవాళ్ళు చాలా కొద్దిమంది ఉంటారు. ఆయన ఏ సంఘానికీ అధ్యక్షుడు కాదు, ఏ వేదిక మీదా మాట్లాడలేదు. వరంగల్ నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా ఐర్లండ్‌లో మందులూ వైద్య పరికరాలూ తయారుచేసే ప్లాంట్లలో నాణ్యత చూసే ఉద్యోగం చేసి, డ్రోహెడాలో ఇల్లు కొనుక్కుని, ఆ ఇంట్లోనే కన్నుమూసిన మనిషి. నాకు మాత్రం పని అంటే ఏమిటో నేర్పినవాడు. ఆ కృతజ్ఞతతోనే ఇది రాస్తున్నాను.

మా ప్లాంట్‌లో డైరెక్టర్ని కూడా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు. చేరిన రోజే 'సార్' అనేశాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఎవర్నమ్మా పిలుస్తున్నవ్?" అన్నారు.

"మిమ్మల్నేనండి."

"ఇంట్ల పిలువు, ఈడ వద్దు. నాకు ఇంగ్లండోళ్లు బిరుదిచ్చిన్రనుకుంటరు. ఐరిషోళ్లు నాతోని మాట్లాడుడు బంజేస్తరు."

ఇంటికో పిలుపు, ప్లాంటుకో పిలుపు నాకు చేతకాలేదు. రెండుచోట్లా సార్ అనే పిలిచాను. కొన్నాళ్ళకు ఐరిష్ వాళ్ళు కూడా కొందరు ఆయన్ని 'సార్' అనడం మొదలుపెట్టారు, అదే ఆయన పేరనుకుని.

ప్లాంట్‌లో కొత్తగా చేరిన తెలుగువాళ్ళెవరైనా సరే, ఆదివారం మధ్యాహ్నం ఆయనింటికి భోజనానికి వెళ్ళాల్సిందే. ఆంటీ పచ్చిపులుసు, కోడికూర చేసేవారు. తిన్నాక సార్ ఒక సినిమా పెట్టేవారు. ఎవరొచ్చినా, ఎన్నోసారి వచ్చినా అదే సినిమా. ఎప్పటిదో పాత ఫ్రెంచ్ కామెడీ. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆంటీ వంటింట్లో ప్రెస్ అని ఇక్కడ పిలిచే అలమర తలుపు తీసి పళ్ళేలు అందిస్తూ నన్ను ముందే హెచ్చరించారు. "రెండు ముద్దలు తక్కువ తిను బిడ్డా. కడుపు నిండితే ఆ సిన్మాకు నిద్రొస్తది. నువ్వు పండుకున్నవంటే మల్లొచ్చే ఐతారం గూడ రమ్మంటడు."

నేను నవ్వేసి నిండుగా తిన్నాను. సినిమా మొదలైన పావుగంటకు నిద్రపోయాను.

ఆ సినిమాలో కథ పెద్దగా లేదు. ఊరి చివర కొత్తగా కట్టిన ఒక ఆఫీసు. మెరిసే గోడలు, ఎక్కడ చూసినా బొత్తాలు, వాటంతటవే తెరుచుకుని సమయానికి మూసుకోని తలుపులు. ఒక చిన్న గుమాస్తా చేతిలో పొట్లాం పట్టుకుని, దాన్ని ఎవరికివ్వాలో తెలియక అంతస్తులన్నీ తిరుగుతుంటాడు. మాటలు చాలా తక్కువ. ఉన్నవి కూడా గొణుగుడు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను సార్ కావాలనే ఆపేసేవారు.

నిద్రలేచాక ఆయన కోప్పడలేదు. "ఏం చూసినవ్?" అని మాత్రం అడిగారు.

"పెద్దాఫీసరు ఉపన్యాసం ఇస్తున్నాడు కదండి."

"ఇంకా?"

"ఇంకేముంది సార్ అందులో?"

"మల్ల రా."

మళ్ళీ వెళ్ళాను. ఈసారి మేలుకునే ఉన్నాను గానీ కొత్తగా ఏమీ కనిపించలేదు. మూడో ఆదివారం కనిపించింది. ఆఫీసరు ఉపన్యాసం ఇస్తుంటే, తెరకు కుడివైపు చిట్టచివర ఒక తలుపు ఉంటుంది. దాని పక్కన కాఫీ మెషిన్. అది తలుపుకు సగం అడ్డం. లోపలికొచ్చే ప్రతి మనిషీ తల దించి, నడుం వంచి, పక్కకు తిరిగి దూరాలి. ఉపన్యాసం సాగినంతసేపూ జనం వస్తూనే ఉంటారు, వంగుతూనే ఉంటారు. చివరికి బయటివాడెవరో ఒక పెద్దమనిషి వచ్చి, ఆ మెషిన్‌కు దండం పెట్టడం ఇక్కడి పద్ధతి కాబోలనుకుని, టోపీ తీసి మరీ వంగుతాడు. నాకు నవ్వాగలేదు. పక్కకు చూస్తే సార్ తెరవైపు చూడటం లేదు, నావైపే చూస్తున్నారు.

"దొరికిందా?" అన్నారు.

"రెండుసార్లు నాకెలా కనబడలేదండి?"

"పెద్దాయన మాట్లాడుతుండె గద. మాట్లాడేటోన్నే చూస్తం మనం. వంగేటోన్ని ఎవడు చూస్తడు?"

ఆ సినిమా ఆయనకు డ్రోహెడాలో పాత సామాన్లమ్మే ఒక దుకాణంలో దొరికిందట. వచ్చిన కొత్తలో ఇక్కడి ఇంగ్లీషు చెవికి ఎక్కేది కాదట. "ఎవరేమన్నా గ్రాండ్, గ్రాండ్ అనేటోన్ని. తిట్టినా గ్రాండే అన్ననేమో," అని చెప్పుకుని నవ్వేవారు; ఇక్కడివాళ్ళకు గ్రాండ్ అంటే 'బాగుంది, పర్లేదు' అని. "ఈ దేశంల నాకు మొత్తం సమజైన మొదటి ముచ్చట ఆ ఫ్రెంచ్ సిన్మానే. మాటలు లేకుంటే కండ్లు పని మొదలుపెడ్తయ్."

ఆయనతో ఎక్కడికైనా వెళ్ళడం అంటే ఆలస్యం కావడమే. ఒకసారి ఒక షాపింగ్ సెంటర్ కార్ పార్కులో, డబ్బులు కట్టే యంత్రం కార్ల కిటికీలకు అందనంత దూరంగా ఉండటం చూసి అక్కడే నిలబడిపోయారు. వచ్చిన ప్రతి డ్రైవరూ చెయ్యి చాపడం, అందక బెల్టు తీయడం, సగం బయటికి వేలాడటం, వెనకవాళ్ళకు క్షమాపణ చెప్పడం. "చూడు, ఒక్కడన్నా మెషిన్‌ని తిడ్తలేడు. అందరు తమకే కారు నడపరాదనుకుంటున్నరు," అన్నారు. నవ్వుతున్నారనుకున్నాను. మరుక్షణం ఆ యంత్రం పక్కకు వెళ్ళి నిలబడి, వచ్చేవాళ్ళ టికెట్లు అందుకుని లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. అరగంట అలా చేశాక గానీ మేం బయల్దేరలేదు.

ఇక నోరా సంగతి చెప్పాలి. సార్ గురించి ఇంకేం చెప్పకపోయినా ఇది చెప్పాలి.

మేము చేసేది ఉబ్బసం ఉన్నవాళ్ళు పీల్చే ఇన్‌హేలర్లు. ఆ లైనులో నోరా అనే ఐరిష్ ఆవిడ పనిచేసేది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉండేది. ట్రేలో వచ్చే చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని లైటు కింద చూడటం ఆవిడ పని. బాగున్నవాటిని ముందున్న గొట్టంలోకి జారవిడవాలి. బీటలున్నవాటిని ట్రే అంచునే ఒక గుంటలో వేరుగా పెట్టుకుని, చివర్లో ఎర్రడబ్బాలో వేయాలి. ఒక నెలలో మూడుసార్లు మంచి ముక్కల మధ్య బీటలుపడ్డది దొరికింది. తర్వాతి మెషిన్ పట్టేసింది కాబట్టి ఎవరికీ హాని జరగలేదు. కానీ మూడుసార్లూ నోరా షిఫ్టే.

మూడోదాని విచారణ నాకప్పగించారు. అది నా మొదటి విచారణ. నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను, నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. నోరా శిక్షణ కాగితాలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. మిగతా షిఫ్టుల వివరాలు చూశాను, వాళ్ళ దగ్గర తప్పు లేదు. కారణం అనే చోట 'మనిషి పొరపాటు' అని రాశాను. ముందు రెండుసార్లూ అదే రాశారు, మూడోసారి కూడా అలా రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను. మేనేజర్‌కు సోమవారంలోగా అది ముగియాలి.

శుక్రవారం పొద్దున సంతకానికి సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు పేజీలూ చదివి పెన్ను మూత పెట్టేశారు.

"కాగితాలు మంచిగ చూసినవ్. ఆమెను చూసినవా?"

"మాట్లాడానండి. ఎలా జరిగిందో తనకీ తెలీదంది."

"మాట్లాడుడు కాదు. చూసినవా?"

నేను కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

"పో. కిటికీ అవతల కుర్చీ ఏసుకొని కూసో. షిఫ్టు అయ్యేదాంక. పెన్ను తీస్కపోకు, కాగితం తీస్కపోకు. ఆమెకు ముందు చెప్పు, దొంగచాటుగ చూడొద్దు."

నోరాకు చెప్పాను. "చూసుకో తల్లీ, నాకూ తెలిసినట్టుంటుంది," అంది. క్లీన్‌రూమ్‌కూ కారిడార్‌కూ మధ్య ఉన్న గాజు కిటికీ దగ్గర కూర్చున్నాను. మొదటి గంట ఆవిడ వేళ్ళనే చూశాను. ఒక్క తప్పూ లేదు. రెండో గంటలో విసుగొచ్చింది. మూడో గంటలో, ఇక చూడటానికి ఏమీ లేదనుకున్నాక, ఆవిడ నడుం కనిపించింది.

ప్రతి ట్రే చివరా ఆవిడ ఒక వంపు తిరుగుతోంది. ఎందుకా అని చూస్తే, కుడివైపు పైన కొత్తగా బిగించిన టచ్‌స్క్రీన్. అంతకుముందు కాగితం మీద టిక్కు పెట్టేవాళ్ళు. ఇప్పుడు ప్రతి ట్రేకూ ఆ తెర మీద నొక్కాలి. అది నోరాకు ఎత్తు. తొడుగున్న వేలికి ఒక్కసారికి పలకదు, రెండుమూడుసార్లు నొక్కాలి. అందుకని ఆవిడ ట్రేని ఎడమచేతికి మార్చుకుని, మునివేళ్ళ మీద లేచి, ఒళ్ళంతా కుడివైపు సాచుతోంది. అలా సాచినప్పుడు ఎడమచేతిలోని ట్రే సరిగ్గా గొట్టం పైన ఒరుగుతోంది. గుంటలో వేరుగా పెట్టిన ముక్క అంచుదాకా జారి ఆగుతోంది. చాలాసార్లు ఆగుతుంది. ఎప్పుడో ఒకసారి ఆగదు. మిగతా షిఫ్టులవాళ్ళు పొడుగు, వాళ్ళు సాచక్కర్లేదు.

నాకు సంతోషం కలగాల్సింది. భయం వేసింది. ఆ స్క్రీన్లు మా మేనేజర్ ఏడాది కష్టపడి తెప్పించినవి. ప్రొబేషన్‌లో ఉన్న నేను వెళ్ళి ఆయన స్క్రీన్‌దే తప్పని రాయాలి. రెండు రోజులు ఆలోచించి, రాయకూడదని తేల్చుకుని, ఆదివారం ఆ మాట చెప్పడానికే సార్ ఇంటికి వెళ్ళాను.

ఆ రోజు సినిమా పెట్టలేదు. సార్ నేను చెప్పిందంతా విన్నారు. ఆంటీ చాయ్ తెచ్చి ఆయన ముఖం చూసి, "చెప్పు మరి. నాకు చెప్పినవ్ గద, ఈ బిడ్డకు చెప్పేతందుకేంది?" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఐర్లండ్ వచ్చిన మూడో ఏడు, మరో ఊళ్ళో మరో ప్లాంటు. అక్కడొక ఆపరేటర్ మీద ఇలాంటి విచారణే. 'మనిషి పొరపాటు' అని సార్ రాశారు. అతని ఉద్యోగం పోయింది. ఆరునెలల తర్వాత ఏదో పనిమీద సార్ స్వయంగా ఆ మెషిన్ దగ్గర నిలబడాల్సి వచ్చింది. వంగినప్పుడు తన మోచెయ్యి తనకు తెలియకుండానే ఒక మీటను తాకింది. అదే తప్పు, అదే చోట.

"నిలబడ్డకాడ్నే నాకు చెమటలు పట్టినయ్. కంపెనీకి రాసిన. వాళ్లు మీట మార్చిన్రు. కని ఆ మనిషి అప్పటికే ప్లాంటు ఇడిసి పోయిండు. ఎంకులాడుకుంట పోయిన. ఒక పెట్రోల్ బంకు దుకాణంల ఉన్నడు. ఎదురుంగ నిలబడి జరిగింది చెప్పిన, తప్పు నాదన్న. ఏమన్నడో తెలుసా? 'ఆహ్, యూ ఆర్ గ్రాండ్' అని, నాకే చాయ్ పోసిచ్చిండు." సార్ చేతిలో తాగని చాయ్ వైపు చూశారు. "తిడ్తె బాగుండు. ఆ గ్రాండ్ అన్న మాట ఇంకా అరగలే నాకు."

ఆంటీ లేచి ఆయన చేతిలోని చల్లారిన గ్లాసు తీసుకున్నారు.

"నిన్ను రాయమని చెప్తలేను," అన్నారు సార్. "నీ పర్మిట్ సంగతి నాకెరుకే. నువ్వు రాయకుంటే నేను రాస్త. రాస్తివా, నా సంతకం నీ సంతకం మీదుంటది. ఎవలన్నా అడిగితే ముందు నన్నడుగుతరు."

ఆ రాత్రికి రాత్రే కాదు, ఆ సాయంత్రమే, వాళ్ళ భోజనాల బల్ల మీదే కూర్చుని తిరిగి రాశాను.

సోమవారం మీటింగులో మేనేజర్ అది చదివి కుర్చీలో వెనక్కి వాలారు. మంచి పొడగరి, తొందర మనిషి. "ఈ స్క్రీన్లను అన్ని రకాలుగా పరీక్షించాం కదా," అన్నారు.

"ఎవరు పరీక్షించారు?" అన్నారు సార్, ఇంగ్లీషులో, మెల్లగా.

"నేనే దగ్గరుండి."

"మీ ఎత్తులో బాగానే పనిచేస్తుంది. నోరా ఎత్తులో ఒకసారి చూస్తారా?"

పదినిమిషాల తర్వాత మేమంతా ఆ కిటికీ ముందు నిలబడ్డాం. లోపల మేనేజర్ తెల్లటి గౌను, టోపీ, మాస్కు వేసుకుని, నోరా భుజానికి తన భుజం వచ్చేదాకా మోకాళ్ళు వంచి నిలబడ్డారు. నోరా పక్కనుండి ఏం చేయాలో చెబుతోంది. ట్రే ఎత్తారు, స్క్రీన్ నొక్కారు, పలకలేదు, మళ్ళీ నొక్కారు, ఒళ్ళు సాచారు. వంచిన మోకాళ్ళతో బాతులా పక్కకు జరిగి మళ్ళీ మొదలు. కిటికీ ఇవతల ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే నవ్వేస్తామని. ఎన్నో ట్రేకో గుర్తులేదు, బీటలున్నదానికి బదులుగా గుంటలో పెట్టిన ఎర్ర గుర్తు ముక్క ఒకటి జారి గొట్టంలో పడిపోయింది. ఆయనకు తెలియనే లేదు. నోరా చెయ్యెత్తి చూపించింది.

ముందుగా నవ్వింది మేనేజరే. మాస్కు వెనక భుజాలు ఊగిపోయేలా నవ్వారు. తర్వాత నవ్వడం ఆపి, మోకాళ్ళు నిటారు చేసుకుని, నోరాతో ఏదో అన్నారు. ఏమన్నారో మాకు వినిపించలేదు. ఆవిడ తలూపింది. వారం తిరక్కుండా స్క్రీన్‌ను జానెడు కిందికి దించారు. నా ఉద్యోగానికేమీ కాలేదు. ఆ మేనేజరే నా ప్రొబేషన్ ముగింపు కాగితం మీద మంచిమాట రాశారు.

ఆ సోమవారం సాయంత్రం నోరా బస్‌స్టాప్ దగ్గర నా కోసం ఆగింది. "నీకో మాట చెప్పనా? నేను జీపీ దగ్గరికి, మా డాక్టరు దగ్గరికి, వెళ్ళాను. మా అమ్మకు మతిమరుపు జబ్బుండేది. నాకూ మొదలైందనుకున్నాను. పిల్లలకు ఎలా చెప్పాలా అని నెలరోజులు నిద్రపోలేదు." అంతవరకే చెప్పి బస్సెక్కేసింది. మర్నాడు ఆ మాట సార్‌కు చెబితే, బల్లమీద ఒక చేతిని ఇంకో చేతితో రుద్దుకుంటూ కూర్చున్నారు. "అందుకే చూడాలె బిడ్డా," అన్నారు చివరికి. "తప్పు గదిల ఉంటది. మనిషి అది తనల ఎతుక్కుంటడు."

తర్వాత ఆయన రిటైరయ్యారు. నేను ఆయన కుర్చీలోకి కాకపోయినా ఆయన పనిలోకి వచ్చాను. పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు కాస్త చిక్కిపోయి ఉన్నారు, గొంతు మాత్రం తగ్గలేదు. "కొత్తోళ్లకు ఏం నేర్పుతున్నవ్?" అని అడిగారు.

"ఏం లేదండి. కుర్చీ వేసి కిటికీ దగ్గర కూర్చోబెడుతున్నాను. పెన్ను లాక్కుంటున్నాను."

"సిన్మా?"

"అది మీ ఇంట్లోనే కదండి ఉంది."

"సిన్మా లేకుంట గూడ అయితదన్నట్టు," అని ఎంతో తృప్తిగా నవ్వారు. "మరి నేను ఇంతమందిని ఎందుకు సతాయించిన?"

"నేనూ అదే అడుగుత," అన్నారు వంటింట్లోంచి ఆంటీ.

అంత్యక్రియలు శుక్రవారం జరిగాయి. సన్నగా వాన. ఇక్కడ పోయినవాళ్ళను గౌరవించాలంటే వాళ్ళతో పనిచేసినవాళ్ళు దారికి రెండువైపులా వరుసగా నిలబడతారు. అలా నిలబడాలని ఎవరు చెప్పారో తెలియదు, మా ప్లాంటు లైనులో పనిచేసేవాళ్ళు ఆయన వీధి మలుపు దాకా రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు, షిఫ్టుకు వెళ్ళాల్సినవాళ్ళు. ఎవరూ గొడుగు తెరవలేదు. అంత్యక్రియలు జరిపించే నల్లకోటు మనిషి ముందు నడుస్తుంటే, శవపేటిక ఉన్న కారు నడకవేగంతో వాళ్ళ మధ్యనుంచి కదిలింది. వెనక కారులో ఆంటీ పక్కన నేను కూర్చున్నాను.

నోరా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి, ముందు వెళ్తున్న పేటిక కారు పక్క అద్దం మీద అరచెయ్యి ఆనించింది. కారును ఆపలేదు. కారు కదిలినంత దూరం చేతిని అలాగే ఉంచి రెండడుగులు నడిచి, వదిలేసింది.

శ్మశానం దగ్గర దిగాక, ఆ నల్లకోటు ఆయన జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, వానచుక్కలు పడిన అద్దాన్ని తుడవబోయాడు. ఆంటీ ఎప్పుడూ లేనంత వేగంగా ముందుకెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నారు. "నో, నో," అన్నారు. ఆయనకు అర్థమయింది, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ అద్దం మీద నోరా ఐదువేళ్ళ గుర్తు స్పష్టంగా ఉంది. దాని చుట్టూ వాన జారుతోంది.